వీధి తొక్కని జోళ్ళు

ఆ రోజుల్లో, అంటే నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనిషి ఎలాంటివాడో వాడి కాళ్ళు చూస్తే తెలిసిపోతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. పొద్దున్నే ఏలూరు స్టేషన్లో పాసింజరు కోసం నిలబడి, ఎదుటివాళ్ళ మొహాలు వదిలేసి జోళ్ళు చూస్తూ గడిపేవాణ్ణి. నా ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, చేపల చెరువులకు మేత సరఫరా చేసే ఒక కంపెనీ ఆఫీసులో. (మా నాయనమ్మ ఇరుగుపొరుగు వాళ్ళందరికీ "మావాడికి మేత కంపెనీలో ఉద్యోగం" అని చెప్పుకుని మురిసిపోయేది. ఆవిడ లెక్కలో మేత తినేవి ఆవులూ గేదెలూ మాత్రమే. చేపల సంగతెత్తి ఆవిడ సంతోషం పాడుచెయ్యడం దేనికని ఇంట్లో ఎవరం నోరు మెదపలేదు.) మొదటి జీతం చేతికి రాగానే నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోన్లో నెల రోజులుగా చూసి చూసి కళ్ళు కాయలు కాసిన రెట్రో షూ జతకి ఆర్డరు పెట్టడం.

ఇంట్లో అప్పటికి అసలు సమస్య నా కాళ్ళు కాదు, నాయనమ్మ మడమ. నాన్నగారు ముచ్చటపడి పాత గచ్చు తీయించి నున్నటి పలకలు వేయించిన దగ్గర్నుంచీ ఆవిడకు కుడి మడమలో నొప్పి పట్టుకుంది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే తిరగాలనీ, ఇలాగే వదిలేస్తే కొన్నాళ్ళకు అడుగు వెయ్యడమే కష్టమవుతుందనీ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నాయనమ్మ అంతకన్నా గట్టిగా చెప్పింది. "నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో చెప్పు గుమ్మం దాటలేదండీ. ఇప్పుడు ముసలితనంలో నేనే దాటించనా?" నాన్నగారు ఒకటికి రెండు జతలు మెత్తటి చెప్పులు కొని తెచ్చారు. అవి గుమ్మం బయట బుద్ధిగా కూర్చున్నాయి. నాయనమ్మ మాత్రం మునివేళ్ళ మీద, ఒక చెయ్యి గోడకి రాసుకుంటూ నడిచేది. వంటింట్లో కొల్లేటి కొంగలా ఒంటికాలి మీద నిలబడి కూర తాలింపు వేసేది. సాయంత్రం వీధి గుమ్మందాకా వచ్చి వచ్చేపోయేవాళ్ళని పలకరించే అలవాటు మానుకుంది. ఆవిడ మంచం పడుతుందేమోనని నాన్నగారికి దిగులు. నాకూ దిగులుగానే ఉండేది. కాకపోతే ఇరవై రెండేళ్ళ వయసులో ఎంత దిగులున్నా దాన్ని కాసేపు పక్కన పెట్టి జోళ్ళ గురించి ఆలోచించుకోగలిగే వెసులుబాటు ఉంటుంది.

షూ వచ్చింది. మీగడ రంగు గుడ్డ, పక్కన ఆకుపచ్చ చార, అడుగున కాస్త పసుపు తిరిగిన రబ్బరు. పెట్టె తెరవగానే ఇంటిల్లిపాదీ గుమ్మం దగ్గర మూగారు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "ఇవి మా కాలేజీలో డ్రిల్లుకి వేసుకునేవాళ్ళం కదరా, మళ్ళీ ఎక్కణ్ణుంచి తవ్వి తీశారు?" అన్నారు. నాయనమ్మ గోడ పట్టుకుని వంగి చూసి, "అడుగు పాలిపోయింది చూడు. ఎవరో వాడి వదిలేసినవి నీకు అంటగట్టారు" అని తేల్చేసింది. కొత్త వస్తువు పాతదిలా కనిపించడానికే ఎక్కువ ఖర్చు పెడతారని నేను వివరించబోయాను. ఆవిడ నావంక జాలిగా చూసింది.

తెచ్చిచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. సైజు కుదరకపోతే వారంలోపు వెనక్కి తీసుకుంటారట, కానీ అడుగుకి మట్టి అంటకూడదు, ఎక్కడా మరక పడకూడదు. అక్కడే వచ్చింది తంటా. మా ఆఫీసులో జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు, అందరం గురువుగారనేవాళ్ళం. జోళ్ళ విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. "కూర్చుని వేసుకుంటే ఏ షూ అయినా హాయిగానే ఉంటుందండి. నడవాలి. అదీ సాయంత్రం పూట, మేజోళ్ళు తొడిగి నడవాలి. పొద్దుటి పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుందండి. బొటనవేలి ముందు వేలెడు సందుండాలి, మడమ జారకూడదు, పాదం వంగే చోటే జోడూ వంగాలి. ఈ మూడూ చూసుకోండి" అని ఉపదేశించారు. నడవాలంటే నేల కావాలి కదా. గుమ్మం బయట నడిస్తే మట్టి అంటుతుంది, కంపెనీవాళ్ళు తీసుకోరు. గుమ్మం లోపల నడుద్దామంటే నాయనమ్మ ఊరుకోదు. భూమ్మీద నాకు నడవడానికి చోటు లేకుండా పోయింది.

మొదట వసారాలో ఉన్న నవారు మంచం ఎక్కాను. దాని మీద నడిస్తే షూ మెత్తదనం ఎక్కడ అయిపోయి నవారు మెత్తదనం ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. పైగా మూడో అడుగులో ఫ్యాను రెక్కలు చెవి పక్కనుంచి వెళ్ళాయి. మర్నాడు సాయంత్రం వసారా పొడుగునా పేపర్లు పరిచి, సినిమాలో పెళ్ళికొడుకులా వాటి మీద ఠీవిగా నడిచాను. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కాలి కింద పేపరు సర్రున జారింది. నేను వెల్లకిలా పడ్డాను. పడుతూ పడుతూ కూడా అడుగులు నేలకి తగలకూడదన్న స్పృహ మాత్రం పోలేదు, రెండు కాళ్ళూ గాల్లో నిటారుగా నిలబెట్టేశాను.

చప్పుడు విని వంటింట్లోంచి నాయనమ్మ గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. ఆ నొప్పితో నాకోసం అంతదూరం రావడం చూస్తే నాకు పడ్డదానికన్నా ఎక్కువ సిగ్గేసింది.

"ఏవిట్రా ఇది? కాళ్ళు దింపవేం?"

"దింపితే మట్టి అంటుతుంది నాయనమ్మా. వెనక్కి తీసుకోరు."

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి నన్నూ నా కాళ్ళనీ కాసేపు చూసింది. తరవాత విచారణ మొదలుపెట్టింది.

"తోలా?"

"కాదు. గుడ్డా, రబ్బరూ."

"వీటితో వీధిలో అడుగు పెట్టావా?"

"ఒక్క అడుగు కూడా పెట్టలేదు."

"మరి వీధి తొక్కనిదాన్ని చెప్పు అని ఎవరన్నారు నీకు? చెప్పు బయట ఉండేది వీధి తొక్కి వస్తుంది కాబట్టి. తొక్కేదాకా అది గుడ్డే, కొట్లో బీరువాలో ఉన్నట్టే లెక్క. లే, లోపలికి రా. దేవుడి గదివేపు మాత్రం వెళ్ళకు."

వెనక నిలబడ్డ అమ్మ గబగబా నేల మీది పేపర్లు ఏరడం మొదలుపెట్టింది. నాన్నగారు మాత్రం, "ఈ వెసులుబాటు ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియలేదే" అని గొణుక్కున్నారు.

ఆ సాయంత్రం మా హాల్లో నా నడక చూడ్డానికి సభ తీరింది. నాయనమ్మ పీట మీద కూర్చుని, కుడికాలు వేడి ఉప్పునీళ్ళ బేసిన్లో పెట్టుకుని అధ్యక్షత వహించింది. గురువుగారు చెప్పిన మూడు సూత్రాలూ నేను వినిపించాను. నాన్నగారు వంగి మడమ పట్టి లాగి చూశారు, జారలేదు. అమ్మ పాదం వంగే చోటు చూసి సరిగ్గానే వంగుతోందంది. ఇక వేలి సందు. "తగలట్లేదు" అన్నాను నేను, మొహం మామూలుగా పెట్టుకుని. నాకు ఆ ఆకుపచ్చ చార మీద అంత ప్రేమ మరి.

"ఇంకోసారి నడు" అంది నాయనమ్మ. నడిచాను. "తగులుతోంది. మలుపు తిరిగినప్పుడల్లా నీ కనుబొమ్మ లేస్తోంది. పాదాలు నా పోలికేరా నీకు, నాకన్నా కాస్త పెద్దవి. ఇవి నీకు చాలవు."

ఆవిడ తీర్పు నిజమేనని బొటనవేలు రాత్రంతా ఒప్పుకుంటూనే ఉంది. మనసు చంపుకుని పెట్టెలో సర్దేశాను, వెనక్కి తీసుకెళ్ళమని ఫోన్లో నొక్కేశాను. పొద్దున్న అమ్మకి చెప్పి రైలెక్కాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెట్టె ఎక్కడిదక్కడే ఉంది. అమ్మ నా మొహంలోకి చూడకుండా, "మనిషొచ్చాడురా. పెట్టె తెరిచి చూసి, మరకలుంటే తీసుకోమండి అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు" అంది. తెరిచి చూశాను. రెండు జోళ్ళకీ లేసుల కింద ఉండే గుడ్డ నాలుక కొసన, కొత్త బట్ట అంచుకి పెట్టినట్టే, తడి పసుపు ముద్దగా పెట్టి ఉంది. ఆరి, గుడ్డలోకి ఇంకిపోయింది.

"గుడ్డే కదరా. మొదటి జీతంతో కొన్న కొత్త గుడ్డకి పసుపు పెట్టకుండా ఉంచుతానా?" అంది నాయనమ్మ తాపీగా.

నాకు కోపం వచ్చింది. గుడ్డ అని ఆవిడతో చెప్పింది నేనే కాబట్టి ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అన్నం మీద చూపించాను, పెరుగు లేకుండా లేచిపోయాను. (తరవాత ఆకలేసి వెళ్తే గిన్నెలో పెరుగన్నం కలిపి మూతపెట్టి ఉంది. అది తింటూ కూడా అలిగే ఉన్నాను.)

తరవాతి ఆదివారం పొద్దున్న మెలకువ వచ్చింది కానీ ఏదో తేడాగా ఉంది. రోజూ నన్ను లేపేది నాయనమ్మ చెయ్యి గోడకి రాసుకునే చప్పుడూ, అడుగడుక్కీ ఆవిడ పెదవి బిగించి అనే "అమ్మా" అన్న మాటా. ఆ రోజు రెండూ వినపడలేదు. మంచం పట్టేసిందనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన దిగులంతా ఒక్కసారి మీద పడింది, లుంగీ సర్దుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాను.

నాయనమ్మ రెండు కాళ్ళ మీదా నిలబడి ఉప్మా కలుపుతోంది. జరీ అంచు కింద ఆకుపచ్చ చార కనిపిస్తోంది.

"మడమ దగ్గర మెత్తగా ఉందిరా" అంది, నన్ను చూడకుండానే. "వేలి ముందు సందుంది, వెనక జారట్లేదు, పాదం వంగే చోటే వంగుతున్నాయి. నిన్న సాయంత్రం కూడా వేసి చూశాను. మీ గురువుగారితో చెప్పు, ఆయన చెప్పినట్టే ఉన్నాయని."

"లేసులు నేనే కట్టానండి" అని అమ్మ నాన్నగారితో అంటోంది. నాన్నగారు ఆ కాళ్ళవంక చూసి, "మరి నేను తెచ్చిన చెప్పులు రెండు జతలున్నాయి కదమ్మా?" అన్నారు. "వాటిని నువ్వు గుమ్మం బయట పెట్టావు, తెచ్చిన రోజే నేను వీధి కుళాయిదాకా తొక్కాను. అవి చెప్పులైపోయాయి" అంది నాయనమ్మ. స్టవ్ కట్టేసి, ఉప్మా గిన్నె రెండు చేతులతో పట్టుకుని, గోడకి చాలా దూరంగా, హాలు మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి బల్ల మీద పెట్టింది. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకునే నెపంతో అటు తిరిగారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అందులో కాస్త ఏడుపు మాత్రం పోయిన షూ కోసమేనని ఒప్పుకోవాలి.

ఆ వారమే ఆఫీసువాళ్ళు కలిదిండి చెరువుల మీదికి తీసుకెళ్ళారు. పాత శాండల్సు వేసుకుని గట్టు దిగబోయి, ఒక కాలి పట్టీ బురదకి సమర్పించుకుని బయటపడ్డాను. "కొత్త రెట్రో ఏవైందండి?" అన్నారు గురువుగారు. "మా నాయనమ్మ వేసుకుందండి" అన్నాను. ఆ తరవాత ఆయన నాతో జోళ్ళ ప్రస్తావన తేలేదు. నాయనమ్మ మాత్రం సాయంత్రాలు మళ్ళీ వీధి గుమ్మందాకా రావడం మొదలుపెట్టింది. గుమ్మానికి ఇవతలే కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, దారినపోయేవాళ్ళందరినీ పలకరించేది. వాళ్ళు ఆవిడ మొహం చూసేవాళ్ళో కాళ్ళు చూసేవాళ్ళో నేను అడగలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, నేను తాడేపల్లిగూడెంలోనే అపార్ట్‌మెంటు తీసుకుని స్థిరపడ్డాను, ఒళ్ళు చేశాను, నా కుడి మడమకి కూడా అదే నొప్పి వచ్చింది. పాదాలే కాదు, మడమలూ ఆవిడ పోలికేనన్నమాట. డాక్టరుగారు అదే మాట చెప్పారు. బజార్లో మెత్తటి షూ ఒక జత కొనుక్కుని, హాయిగా ఉన్నాయని కొట్లోంచే వేసుకుని ఇంటికి వచ్చాను. కిందటి వారం నాయనమ్మ మా ఇంటికొచ్చింది. గుడ్డసంచీలోంచి తన జోళ్ళు తీసి, గుమ్మం లోపల పీట మీద కూర్చుని తొడుక్కుంది. పసుపు మరక ఇటిక రంగుకి తిరిగింది. అడుగు మాత్రం పెట్టెలోంచి తీసిన నాడు ఎంత పాలిపోయి ఉందో ఇప్పుడూ అంతే.

నా కాళ్ళవంక చూసి, "వీధి తొక్కాయా?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. కనుబొమ్మ చూసి పట్టేస్తుందని గుర్తొచ్చి, "తొక్కాయి నాయనమ్మా" అన్నాను.

"అయితే బయట పెట్టు."

పెట్టాను. ఒకప్పుడు ఎదుటివాళ్ళ కాళ్ళు చూసి మనిషిని అంచనా కట్టినవాణ్ణి, వట్టి కాళ్ళతో, మునివేళ్ళ మీద, గోడకి చెయ్యి రాసుకుంటూ నా హాల్లో నేనే నడుస్తున్నాను. పక్కనుంచి ఎనభై ఏళ్ళ నాయనమ్మ ఆకుపచ్చ చారలతో టకటకా నన్ను దాటి వంటింటివేపు వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంకో జత తెప్పించుకోరా" అంది. "పెట్టె రాగానే ముందు నా చేతికియ్యి."