పదకొండో నంబరు పిల్లోడు

తిరువళ్లూరులో పొద్దున రైలెక్కి కూర్చున్న కాసేపటికే ఎదుటి సీట్లోని మనిషి మీద నాకు అనుమానం మొదలైంది. నడివయసు, పంచె, భుజాన తువ్వాలు. ఆయన ఫోన్లో హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు కొబ్బరికాయలాంటి బంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎవరు కూలినా ఈయన గుప్పిట బిగుసుకునేది. పందెం కాశాడని ఖాయం చేసుకుని నా బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను.

"ఏం ఆటన్నా అది?"

"అమెరికా కాలేజీ పిల్లోళ్లది. సీజను కడాకు రెండు యూనివర్సిటీలు ఆడే బౌల్ మ్యాచి."

అరక్కోణం దాటాక ఆట ముగిసింది. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మీవోళ్లు గెలిచినారా?" ఆరా తీశాను.

"ఓడిపోయినారు. ఆ పదకొండో నంబరు పిల్లోడు పోయిన నెల మ్యాచిలో పడి లేవలేదు, స్ట్రెచర్ మీద మోసకపోయినారు. వాడు మళ్లా ఆడితే గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నా. ఈ పొద్దు కడదాకా ఆడినాడు."

"మీకేమవుతాడు?"

"ఏమీ కాడు. వాడి పేరు పలకను గూడా రాదు నాకు."

నేను నమ్మలేదు. తిరుత్తణిలో దిగి ఆయన గుడి ఉన్న కొండ వైపు నడుస్తున్నా, పోయేది ఇంకెక్కడికో అనుకున్నాను.

సాయంత్రం తిరుగు రైలు నిండా చందనం పూసిన గుండ్లే. ఆయన ఉన్నాడేమోనని ఒక్కో ముఖమే వెతికాను. పోల్చుకోలేకపోయాను.

తిరువళ్లూరులో దిగబోతూ చూసుకుంటే ఒళ్లో బ్యాగు లేదు. పైన సామాన్ల అరలో ఉంది. అక్కడ ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.