అన్నయ్య పెట్టె, చెల్లెలి మణికట్టు

కార్యాలయంలో ఆమెను కొర్రీలమ్మ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. ఆమె పలికేది కూడా. దస్తావేజుల పరిశీలన విభాగంలో పదమూడేళ్లుగా ఆమె పని ఒక్కటే. వచ్చిన ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవాలి. లోపముంటే కొర్రీ వేసి వెనక్కి తిప్పాలి, లేకుంటే ముద్ర కొట్టి ముందుకు పంపాలి. రుజువు లేని మాట ఆమె బల్ల దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. అంతటి మనిషి, ఇంట్లో తన కుడిచేతి మీద పడిన నిందను మాత్రం ఏ రుజువూ అడగకుండా నాలుగేళ్లు మోసింది.

నింద వేసినవాడు తోడబుట్టిన అన్నయ్య. లిఫ్టు మెకానిక్కు. పగలంతా పెద్ద పెద్ద భవనాల లోపల ఇనుప తాళ్ల మధ్య వేలాడి, సాయంత్రం ఇంటికి రాగానే చేతులైనా సరిగ్గా తుడుచుకోకుండా తన పెట్టె ముందు కూర్చునేవాడు. మూతపడిన ఒక స్టూడియో వాళ్ల దగ్గర కొన్న మాడ్యులర్ సింథసైజర్ అది. సూట్‌కేసంత చెక్కపెట్టెలో ఇరవై రెండు ఇనుప పలకలు పక్కపక్కనే బిగించి ఉంటాయి. ఒక్కో పలకది ఒక్కో పని. ఒకటి ధ్వనిని ప్రతిధ్వనిగా మారుస్తుంది, ఒకటి సాగదీస్తుంది, ఒకటి ముక్కలు చేసి వెనక్కి తిప్పుతుంది. ఏ పలక నుంచి ఏ పలకకు ధ్వని వెళ్లాలో రంగురంగుల తీగలు గుచ్చి మనమే చెప్పాలి. చెల్లెలి గిటారు ఆ పెట్టెలోకి వెళ్లి, వాననో రైలునో తలపించే మరేదో అయి బయటికి రావాలన్నది అతని కోరిక. కోరికలో తప్పు లేదు. ఆమెకూ అది నచ్చింది.

చిక్కంతా మొదటి పలక దగ్గర. గిటారు ధ్వని ఒక హద్దు దాటితే ఆ పలక మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలిగితేనే మిగతా పలకలు మేలుకుంటాయి. వెలగకపోతే పెట్టె మొత్తం గుర్రు పెట్టి నిద్రపోతుంది. చెల్లెలు మీటితే దీపం వెలగలేదు. అన్నయ్య కీబోర్డు పెడితే వెలిగింది. అతను అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు: చెల్లి చెయ్యి పీల.

చిన్నప్పుడు ఆమె ఎంత మెత్తగా మీటేదంటే, పక్కమంచం మీద పడుకున్నవాళ్లకు మెలకువ వచ్చేది కాదు. ఆమెకు తన గురించి గర్వమంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. దీపం కోసం ఆ మెత్తదనాన్ని కొద్దికొద్దిగా వదులుకుంది. పలచటి మీటుబిళ్ల పోయి మందపుది వచ్చింది. సన్నతీగలు పోయి లావుతీగలు వచ్చాయి. వేళ్లతో అయ్యే పనికి మణికట్టు దిగింది, మణికట్టు చాలని చోట మోచెయ్యి దిగింది. అప్పటికీ దీపం మూడుసార్లకు ఒకసారి వెలిగేది. మిగతా రెండుసార్లూ అన్నయ్య పెదవి విరిచేవాడు.

మూడో ఏట నొప్పి మొదలైంది. నాలుగో ఏట నీళ్లగ్లాసు జారి పడింది. ఎముకల డాక్టరు ఉద్యోగమేమిటని అడిగాడు. ముద్రలు అన్న మాట వినగానే అతని కలం కదిలింది. ముద్ర ఎడమచేత్తో కొడతానండీ, కుడిచేతిలో కలం ఉంటుంది అని ఆమె చెప్పేలోపే కారణం కాగితానికి ఎక్కిపోయింది. ఆరు వారాల్లో నొప్పి తగ్గకపోతే గిటారు శాశ్వతంగా పక్కన పెట్టాల్సిందేనని చెప్పి, చేతికి పట్టీ వేసి పంపాడు. ఇద్దరు మగవాళ్లు, రెండు తీర్పులు. ఎవరూ ఆ చేతిని ఒక్కసారి అడిగింది లేదు.

ఆరు వారాల్లో నాలుగు గడిచిన ఆదివారం మధ్యాహ్నం. పదమూడు రోజుల్లో గ్రంథాలయం హాల్లో అన్నాచెల్లెళ్ల కార్యక్రమం. ఆమె పట్టీ విప్పి గిటారు పట్టింది. అన్నయ్య పెట్టె ముందు, వదిన కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల ముందు.

"రావట్లేదు. చెయ్యి వదిలేశావ్ మళ్లీ," అన్నాడు అన్నయ్య, దీపం మీంచి చూపు తిప్పకుండానే.

"నొప్పి అన్నయ్యా."

"నొప్పి ఎవరికి లేదు? నాకు నడుం లేదా?"

వదిన ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. ఆమె చెవుల క్లినిక్కులో వినికిడి పరీక్షలు చేస్తుంది. ఈ వాయిద్యాల గొడవలో నాలుగేళ్లుగా నోరు విప్పని మనిషి.

"ఏమండీ, పొద్దున్నే క్లినిక్ తలుపు తీసి నేను మొదట చేసే పని ఏంటో తెలుసా?"

"టీ తాగుతావ్."

"దాని తర్వాత."

అతనికి తెలియదు. వదినే చెప్పింది. రోజూ ముందు తానే వినికిడి పరీక్ష మిషన్ ముందు కూర్చుని, తన చెవులతో దాన్ని పరీక్షిస్తుందట. తనకు వినపడాల్సింది వినపడకపోతే ఆ రోజు లోపం మిషన్‌దని రాస్తుందట. "ముందు మిషన్ని చూడకుండా ఇంతవరకు ఒక్క మనిషికీ చెవుడని రాయలేదు నేను," అంది. "మీరు దీన్ని ఎప్పుడు చూశారు?"

కీబోర్డు పెడితే వెలుగుతోంది కదా, ఇంకేం చూడాలి అని అతను విసుక్కున్నాడు. సరే, పెట్టమంది వదిన. ధూళి తుడిచినంత తేలిగ్గా నొక్కమంది. అతను అలాగే నొక్కాడు. దీపం భగ్గున వెలిగింది. అదే రంధ్రంలో గిటారు నుంచి వచ్చే తీగ గుచ్చారు. చెల్లెలు పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి మీటింది. దీపం కన్ను గీటినట్టు మెరిసి ఆరిపోయింది.

కార్యాలయంలో పొద్దున పదింటికి మేలుకునే బుద్ధి చెల్లెలికి ఇంట్లో అప్పుడు మేలుకుంది.

"దీనికి కాగితం ఏదైనా ఇచ్చారా?"

"ఏం కాగితం?"

"కొన్నప్పుడు. ఎలా వాడాలో చెప్పేది."

పెట్టె అడుగున చిన్న పుస్తకం దొరికింది, ఇంకా చింపని ప్లాస్టిక్ కవరులో. ఆమె చింపింది. మొదటి పేజీ చదివింది. రెండో పేజీలో గీతలు గీసిన గడిలో లావు అక్షరాలతో ఉన్నదాన్ని పైకి చదివింది. గిటారు వంటి వాద్యాల నుంచి వచ్చే ధ్వని సంకేతం ఈ పలకలకు చాలనంత బలహీనంగా ఉంటుందని, దాన్ని నేరుగా ఇవ్వరాదని, ముందుగా ప్రీ యాంప్ పలక గుండా పంపి పెంచుకోవాలని అందులో ఉంది. ఆ పలక కింది వరుసలో ఎడమ చివర ఉంటుందని కూడా ఉంది.

ముగ్గురూ కింది వరుస ఎడమ చివర చూశారు. ఆ పలక మీద నల్లటేపు అంటించి ఉంది. సొంతంగా ఏ చప్పుడూ చేయడం లేదు కాబట్టి పనికిరానిదని అన్నయ్య కొన్న రోజునే మూసేశాడు.

"ఇవన్నీ ఎవరు చదువుతారు?" అన్నాడు.

"నేను చదివేదాన్ని. నా చేతికి ఇస్తే కదా."

టేపు పీకి, తీగ మార్చి, గిటారును ఆ పలక గుండా పంపారు. ఆమె అలవాటు చొప్పున మీటింది. ఇరవై రెండు పలకలూ ఒక్కసారి మేలుకుని అరిచినట్టయింది. కిటికీ అద్దాలు అదిరాయి, వదిన చెవులు మూసుకుంది. అన్నయ్య గాభరాగా బిరడాలు తిప్పుతూ రెండు మాటలన్నాడు. మొదటిది, "కొంచెం మెల్లగా మీటు." రెండోది, "మనం ముందే చూసుకోవాల్సింది."

నాలుగేళ్లు "గట్టిగా" అన్న నోరు నాలుగు క్షణాల్లో "మెల్లగా" అంది. అదైనా ఓర్చుకునేదేమో గానీ, తప్పు పంచుకునే వేళ వచ్చేసరికి అతను ఎంత సునాయాసంగా "మనం" అయిపోయాడో! ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా ముందు మెల్లగా మీటి చూడాలనిపించింది. మీటింది. గట్టిగానే వచ్చింది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి మళ్లీ మీటింది. మళ్లీ దెబ్బే పడింది. మూడోసారీ అంతే. మణికట్టు తన మాట వినడం మానేసి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. నొప్పి పోయినా పోకపోయినా, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టని ఆ చెయ్యి మాత్రం ఇప్పుడు తన దగ్గర లేదు.

ఆమె తీగను మళ్లీ పాతచోటే గుచ్చి, గిటారు తీసుకెళ్లి అన్నయ్య ఒళ్లో పెట్టింది.

"దీపం వెలిగించు."

"నాకు వాయించడం రాదుగా."

"వాయించక్కర్లేదు. ఒక్క తీగ మీటు, దీపం వెలిగించు. పది నిమిషాలు. వదినా, గడియారం చూడు."

మొదటి నిమిషంలో అతను నవ్వాడు. రెండో నిమిషంలో చొక్కా చేతులు మడిచాడు. ఇనుప తాళ్లు లాగే చెయ్యి కదా అనుకున్నాడు కాబోలు. దీపం ఆ చేతిని గుర్తుపట్టలేదు. నాలుగో నిమిషంలో మోచెయ్యి దిగింది. ఏడో నిమిషంలో మీటుబిళ్ల జారి కిందపడింది, అతను కుడిచేతిని ఎడమ చంకలో దాచుకున్నాడు. వదిన గడియారం మీంచి కళ్లెత్తలేదు.

"ఆపనా?" అన్నాడు అన్నయ్య.

"నాలుగేళ్లు అన్నయ్యా. వారానికి ఐదు రోజులు, రోజుకి గంట."

అతను తల దించుకున్నాడు. కార్యక్రమం మానుకుందామా అని అడిగాడు. మానుకుందామని కాదు, నువ్వే మానిపించు అంది ఆమె. ఫోను తీసి, గ్రంథాలయం చూసుకునే ఆవిడకు కలిపి అతని చేతిలో పెట్టింది. కుడిచెయ్యి సహకరించక అతను ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"నమస్కారమండీ. పన్నెండో తారీఖుకి మేం రాలేమండీ. మా చెల్లికి చెయ్యి బాగోలేక..."

ఆమె చూపుడువేలు ఎత్తింది. "అది కారణం కాదు. సరిగ్గా చెప్పు."

అతను వదిన వైపు చూశాడు. అటునుంచి సాయమేమీ రాలేదు. ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది, ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంది.

"అదికాదండీ. చెల్లి చెయ్యి బాగానే ఉండేది. నా పెట్టెలో తీగ తప్పుచోట పెట్టి, గట్టిగా మీటు గట్టిగా మీటు అని నేనే పాడుచేశాను."

అవతల నుంచి గ్రంథాలయం ఆవిడ ఏదో అడిగింది. అతను ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి చెల్లెలి వైపు తిరిగాడు.

"మళ్లీ ఎప్పటికి వాయించగలదు అంటోంది. ఏం చెప్పను?"

ఆమె పట్టీ తీసి మణికట్టుకు చుట్టుకుంటోంది. మెత్తటి చెయ్యి తిరిగి వస్తుందో రాదో, వస్తే ఎన్నాళ్లకు వస్తుందో ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

"తెలీదని చెప్పు," అంది.

అతను ఫోను చెవికి ఆనించుకుని, తెలీదండీ అన్నాడు. ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదటిసారి.