ఏసీకి కట్టిన వట్టివేళ్ల తడిక

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, కంపెనీ నన్ను ఖమ్మం వర్క్‌షాపు నుంచి భద్రాచలం వైపు తిరిగే సర్వీసు వ్యానుకు సీనియర్ టెక్నీషియన్‌గా వేసింది. ఇళ్లకు వెళ్లి కార్లు బాగుచేయడం పని. అడవి రోడ్లు, చెట్ల కింద టిఫిను, నెత్తిమీద సూపర్‌వైజర్ లేకపోవడం. నాకు ఆ డ్యూటీ బాగా నచ్చింది.

ఒకరోజు పొద్దున్నే భద్రాచలంలో యాకూబ్ ఇంటికి వెళ్లాను. పర్ణశాలకు యాత్రికులను తిప్పే ట్యాక్సీ అతనిది. అతని కూతురికి ఖమ్మం దవాఖానాలో కాన్పయింది. ఆ మధ్యాహ్నమే తల్లీబిడ్డలను ఇంటికి తేవాలి. ఎండ నిప్పులు చెరుగుతోంది, బండిలో ఏసీ పనిచేయడం లేదు.

"సల్లదనం తగ్గిందని ఇంట్లనే ఓ డబ్బా గ్యాస్ ఎక్కించిన సార్. మంచిగనే వచ్చింది. నిన్నటి సంది మళ్ల వేడిగాలే. ఇంకో డబ్బా ఎక్కించినా గట్లనే ఉంది" అన్నాడు. మూడో డబ్బా చేతిలో సిద్ధంగా ఉంది. నాకు చిర్రెత్తింది. ఆ డబ్బా పైపుకుండే మీటరు ఒకవైపు ప్రెషరే చూపిస్తుంది, లోపల గ్యాస్ ఎంతుందో చెప్పదు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది.

మెషిన్‌తో ఉన్న గ్యాసంతా వెనక్కి లాగాను. వాక్యూమ్ పెట్టి పైపుల్లో గాలి, తేమ తీసేశాను. బానెట్ కింద స్టిక్కర్‌పై రాసినంత గ్యాస్ తూకం వేసి ఎక్కించాను. చల్లగాలి వచ్చింది. ఇక బయల్దేరమనబోతుంటే కంప్రెసర్ మళ్లీ ఆగింది. అప్పుడు నా ముఖం చూడాల్సింది.

"ఏందయ్యా, కాదా? పసిగుడ్డును గీ ఎండల బస్సుల తేవాల్నా?" అని యాకూబ్ భార్య అతన్ని నిలదీసింది. నాకూ గుబులు పుట్టింది. గ్యాస్ కాకుండా ఇంకేమైనా చేశావా భాయ్ అని అడిగాను.

"ఏం చేయలే సార్. పిల్లకు ఇంకింత సల్లగుండాలని మొన్న బండి ముందల వట్టివేళ్ల తడిక తడిపి కట్టిన, గంతే. ఇంట్ల కిటికీకి కడతం గద!"

వంగి చూశాను. ముందు గ్రిల్లు వెనక, కండెన్సర్‌కు ఆనించి కట్టేశాడు. లోపలి వేడిని బయటికి వదిలే జాలీ అది, దానికి గాలి ధారాళంగా తగలాలి. తడిపిన తడిక రోడ్డు దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుంది. గాలి ఆడక ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోతోంది. నవ్వాపుకోలేకపోయాను. కాసేపటికి అతనూ నవ్వాడు. తడిక కోసి తీసేసి, జాలీని నీళ్లతో కడిగాను. ఈసారి కంప్రెసర్ ఆగలేదు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

సాయంత్రం యాకూబ్ ఫోన్ చేశాడు. "ఖమ్మంల ఎక్కిన సంది పాల్వంచ దాటేదాక పిల్ల లేవనే లేదు సార్" అన్నాడు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ మీటరు తగిలించే ముందు బండి ఓనరుతో కాసేపు మాట్లాడేవాణ్ణి. ఏం చెడిందో బండి ఎలాగూ చెబుతుంది. బాగుండాలని ఏం చేశారో మాత్రం మనిషినే అడగాలి.