సర్పంచమ్మ కొట్టించిన మేకు

మా సర్పంచమ్మ పోయిన మంగళవారం నిజామాబాద్ దవాఖానలో కన్నుమూసింది. కబురు వచ్చేసరికి చెరకులో కలుపు తీస్తున్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. యాభై అయినా నిండని మనిషి, సగం పని నా నెత్తిన పెట్టి పోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "తిట్లు రాయను అవ్వా" అంటోంది. మానెయ్యనీ, తిట్లు పోయినా మాట మిగులుతుంది.

ఆమె బీడీలు చుట్టే మనిషి. సర్పంచ్ అయ్యాక కూడా చాట ఒళ్లో పెట్టుకునే ఊరి గోడు వినేది. వేళ్లు ఆగేవి కావు, చూపు మన మొహం మీద నుంచి కదిలేది కాదు. ఒకసారి గట్టు తగాదాలో కత్తులు లేచాయి. ఆ మర్నాడే పంచాయతీ ఆఫీసు బయటి గోడకు మేకుల వరస కొట్టించింది. కత్తయినా కొడవలైనా అక్కడ తగిలించాకే గ్రామసభలోకి రావాలి. మొదటి మేకుకు తన ఆకు కత్తెర తగిలించేది.

"కత్తెరతోని ఎవర్ని పొడుస్తవే?" అని నవ్వేదాన్ని.

"నా కోపం సంగతి నాకే ఎర్క లేదు అవ్వా" అనేది.

మంజీర అవతలి నుంచి ఒక ఇసుక కాంట్రాక్టర్ దిగాడు. వాగులో ఇసుక తోడితే మా బోర్లు ఎండాయి. నా చెరకు సగం ఎండింది. అడుగుదామని సభ పెడితే, అతను చొక్కా కింద పిస్తోలుతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇంటి దగ్గర గొంతు చించుకున్న మగవాళ్లంతా కాలి వేళ్లు చూసుకుంటున్నారు.

"అన్నా, నడుముకున్నది బయట పెట్టి రా" అంది ఆమె.

"లైసెన్స్ ఉన్నదక్కా. దేశమంత చెల్లుతది."

"చెల్లనియ్యి. గీ గడప లోపట నా కత్తెరనే చెల్లది."

"పిస్తోలు ఇడిసిపెట్టి తిరుగొద్దు, రూల్ ఉన్నది."

"అయితె ఇడువకు. ఇద్దరూ బయటనే కూసోండ్రి."

సభ పగలబడి నవ్వింది. అతను విసురుగా లేచి పోయాడు. అప్పుడు లేచాయి నోళ్లు, మా బోర్ల గోడు అంతా పంచాయతీ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కింది. దానితోపాటే ఇంకో తీర్మానం: లైసెన్స్ ఎక్కడిదైనా సరే, గ్రామసభలోకి ఆయుధం రావద్దు. మొదటి వేలిముద్ర నాది.

పైకి పంపితే "మీ పరిధి కాదు" అని తిప్పి పంపారు. మళ్లీ పంపింది, మళ్లీ అదే జవాబు. చివరికి ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ పెద్దాఫీసుకే పోయాం. అక్కడా అదే పాట. ఇసుక మా పరిధి కాదు, తుపాకీ మా పరిధి కాదు, మనిషి చస్తే కాల్చే జాగా మాత్రం మా పరిధే!

తిరుగు బస్సులో ఆమె అంది: "అవ్వా, గేటు కాడ నా సంచి ఎతికి, మనం బయటికొచ్చేదాక కత్తెర గుంజి పెట్టుకున్నరు సూశినవా? గా సారుకు గడప ఉన్నది. మనకు లేదా?"

ఆమె పదవి పోయింది, కొత్తవాళ్లు వచ్చారు. అయినా ప్రతి సభకు వచ్చేది. మొన్నటి సభలో దగ్గు తెర ఆగక, అక్కడి నుంచే దవాఖానకు ఎత్తుకుపోయాం.

సంతాప సభకు ఆ కాంట్రాక్టరూ వచ్చాడు. ఫోటో ముందు పువ్వు పెట్టడానికి వంగితే చొక్కా లేచింది. అందరూ చూశారు.

"బయట పెట్టి రా బిడ్డా" అన్నాను.

"ఆమెనే పోయింది గద అవ్వా!"

కొత్త సర్పంచ్ నా చెయ్యి పట్టి "ఊకో అవ్వా" అన్నాడు. చెల్లని తీర్మానం మనకెందుకు, వచ్చే సభలో కొట్టేద్దాం అంటున్నాడు. కొట్టేస్తే రేపు బోర్ల సంగతి ఎవరు అడుగుతారు? అయ్యా, చదివేవాళ్లారా, మీరూ ఆ సభకు రండి. కొట్టెయ్యాలంటే ముందు నా వేలిముద్ర చెరపాలి. నేను చెరపనియ్యను, గడపలోనే కూర్చుంటాను.

ఆమె కత్తెర ఇంకా మొదటి మేకుకే ఉంది. అంచుకు ఎండిన తునికాకు ముక్క అంటుకొని ఉంది. దాని పక్కన, ఆ కాంట్రాక్టర్ పిస్తోలు కోసమని ఆమె తర్వాత కొట్టించిన లావు మేకు. ఒక్కనాడూ దానికి ఏదీ తగల్లేదు, ఇంకా కొత్తగానే మెరుస్తోంది.