నలభై ఒక్క పోతుపూలు

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక పెరడు పదకొండు అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉండేది. బడి స్కేలుతో నేనే కొలిచాను. కోలార్ బంగారు గనుల్లో పనిచేసేవాళ్ల వరుస ఇళ్లలో మాది ఒకటి. శివరాత్రి వెళ్లిన వారానికి మా తాత ఆ కాస్త నేలలోనే వంగ, టమాటా, మిరప నారు నాటేవాడు. మూలన ఒక బొప్పాయి. గాలి లేస్తే, బంగారం తీశాక గనివాళ్లు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ నుంచి తెల్లటి దుమ్ము వచ్చి ఆకుల మీద పడేది. తాత తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడిచేవాడు.

ఆ ఏడు ఐదు గుమ్మడి గింజలు కూడా పెట్టాడు. అవి మా అవ్వవి. గౌనిపల్లి నుంచి కాపురానికి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న విత్తనం. ఏటా ఒక కాయను ముదరనిచ్చి, గింజలను బూడిదలో కలిపి మూట కట్టేది. ముందు ఏడు ఆమె పోయింది. మూటలో ఎలుకలు తినగా మిగిలినవి ఆ ఐదే. మూడు మొలిచాయి, ఒకదాన్ని పురుగు కొరికేసింది. ఈ ఏడు కాయ నిలవకపోతే ఆ విత్తనం ఇక లేనట్టేనని తాత నాతో రెండుసార్లు చెప్పాడు.

నాకు అప్పటికే లెక్కల పిచ్చి. నోటుబుక్కులో అన్నీ రాసేదాన్ని. వీధి చివరి కొళాయి నుంచి రోజుకు ఎవరు ఎన్ని బిందెలు తెస్తారో ఒక పట్టీ వేశాను. అమ్మ ఆరు, నాన్న నాలుగు, నేను రెండు, తాత సున్నా. ఏళ్ల తరబడి గనిలో రాతి దుమ్ము పీల్చిన మనిషి, బిందె ఎత్తితే ఆయాసపడేవాడు. అది నాకు తెలుసు. అయినా లెక్క లెక్కే అనుకున్నాను.

తీగలు పూతకు వచ్చేసరికి తాత దగ్గుతో మంచం పట్టాడు. తోట నాకు అప్పగించాడు. ఎండలు ముదిరి నీళ్లు చాలడం లేదు. పూలను పరీక్షగా చూశాను. కొన్నింటి కింద గోలీకాయంత పిందె ఉంది, చాలావాటికి సన్నటి కాడ తప్ప ఏమీ లేదు. కాయ ఇవ్వని పూలకు నీళ్లెందుకు దండగ అనుకున్నాను. పది రోజుల్లో మొగ్గలతో సహా నలభై ఒకటి కోసి పక్కింటి మేకకు పెట్టాను.

పదకొండో రోజు తాత గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. తీగల కింద ఆరు పిందెలు పసుపుబారి, ముడుచుకుపోయి, రాలి ఉన్నాయి. ఎండకు రాలాయని నేను రాసి పెట్టుకున్నాను. తాత ఆకులన్నీ ఎత్తి వెతికాడు.

"పోతుపూలు యాడమ్మా? ఒకటీ లేదే!"

"పిందె లేనివా తాతా? అన్నీ కోసేసినాను. నలభై ఒకటి!" గర్వంగా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను.

తాత అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. "ఆ పూల పుప్పొడి తగిల్తేనేమ్మా పిందె నిలిచేది" అన్నాడు మెల్లగా.

ఆ ఆరింటినీ రాల్చింది ఎండ కాదు, నేను. అవ్వ ఇన్నేళ్లు కాపాడిన విత్తనాన్ని పది రోజుల్లో మేకకు మేపాను. ఇంతలో తాత పేజీ తిప్పాడు. బిందెల పట్టీ. ఆయన వేలు ఆఖరి వరుస దగ్గర ఆగిపోయింది.

"ఇంగ నన్నెప్పుడు కోస్తావమ్మా?"

నవ్వుతూనే అన్నాడు.

తీగ మీద ఇంకొక్క పిందెమొగ్గ మిగిలి ఉంది, మరునాడు విచ్చుకునేది. తెల్లవారుతుండగా తాత నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి నడిచాడు. ఆ నాలుగడుగుల దూరానికే మూడుసార్లు ఆగాడు. పక్కింటి అక్క వాకిట్లోనే ఉంది.

"ఏం తాతా, పొద్దున్నే మనవరాలికి పెండ్లికొడుకును వెతుక్కుంటా వచ్చినావా?"

"ఏం జేసేది తల్లీ! మా ఇంటి పెండ్లికొడుకులందర్నీ మీ మేక తినేసిండాది."

అక్క పగలబడి నవ్వి, తన గుమ్మడి పాదు మీంచి అప్పుడే విచ్చుకున్న పోతుపూవు కోసిచ్చింది. ఇంటికి వచ్చాక తాత దాని రేకులు పరపరా చించేశాడు. నేను అదిరిపడ్డాను. లోపల పసుపు పొడితో ఒక చిన్న కాడ మిగిలింది. దాన్ని నా చేతికిచ్చి, పిందెపూవు నడుమ అద్దించాడు. అంతే.

ఆ ఒక్క కాయా నిలిచింది. కోసిన రోజు ఇద్దరం గింజలు లెక్కపెట్టాం. నూట తొంభై ఆరు. "వీటిల్లో మీ అవ్వ సగమే ఉండాదమ్మా. మిగిలిన సగం పక్కింటిది" అన్నాడు తాత. పోయిన అవ్వ సగం ఇక తిరిగిరాదని లెక్క తెలిసిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం పట్టీలో తాత పేరు ఎదుట ఉన్న సున్నా కొట్టేశాను. ఏ అంకె వేయాలో తోచక ఖాళీగా వదిలేశాను.

అవ్వది సగమే మిగిలిన ఆ విత్తనమే ఇప్పటికీ ఏటా నా పెరట్లో పాకుతోంది. ఇప్పుడు నేను పాల కేంద్రంలో ఇంటింటి పాల లీటర్లు రాస్తాను. ఎవరైనా పాలు పోయని రోజు వాళ్ల పేరు ఎదుట సున్నా వేయాలి. పెన్ను కాగితం మీద ఆనకముందే తల ఎత్తి, వాళ్లింట్లో ఏమైందని వరుసలో ఉన్నవాళ్లను అడుగుతాను.