దక్షిణపు వాకిలి, ఇరవయ్యేళ్ల లోను

ఆ రోజుల్లో, వాదంలో ఓడినవాడు ఇంటికెళ్లి తన అభిప్రాయం మార్చుకుంటాడని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. (దేవుణ్ణి నమ్మనివాడికి నమ్మడానికి ఏదో ఒకటి కావాలి కదా.) ప్రొద్దుటూరులో జాతకాల మీద సభ జరిగినా, జమ్మలమడుగులో దయ్యాల మీద చర్చ జరిగినా మైకు ముందు నేనుండేవాణ్ణి. ఎంతమంది మారారని మాత్రం అడగకండి. ఒకసారి చేతబడి అబద్ధమని గంటసేపు గొంతు చించుకుని వేదిక దిగితే, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని, శానా బాగా చెప్పినావప్పా, నీకు ఎవరి దిష్టీ తగలకుండా ఉండాల అని దీవించాడు. అయినా నా నమ్మకం సడలలేదు. అలాంటి మనిషికి బ్యాంకువాళ్లు ఇరవై ఏళ్ల గృహరుణం ఇచ్చారు.

రాష్ట్రం విడిపోయిన కొత్త. నేను జమ్మలమడుగు దగ్గర బడిలో సైన్సు చెబుతూ, భార్యతో ప్రొద్దుటూరులో అద్దెకుండేవాణ్ణి. ఊరి చివర దక్షిణం వీధి ఉన్న ప్లాట్లు ఎవరూ కొనక పడివున్నాయి. దక్షిణం యముడి దిక్కట, అటు వాకిలి పెడితే అప్పు తీరదట. ఇంత భూమి సూర్యుడి చుట్టూ బొంగరంలా తిరుగుతుంటే, దాని మీద ఒక మూలనున్న ఇటుకల పెట్టెకు తలుపు ఎటు ఉందో చూసి యముడు వచ్చి నా బ్యాంకు ఖాతాలో వేలు పెడతాడా? ఈ ప్రశ్న నలుగురినీ అడిగి, జవాబు రాకపోయేసరికి ప్లాటు కొని, దక్షిణానికే వాకిలి పెట్టించాను. (పక్క వీధిలో ధరకన్నా బాగా తక్కువకు వచ్చిందన్న సంగతి ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ణి కాదు.) ఆషాఢంలో అమావాస్య చూసుకుని ఇంట్లో చేరాం. పురోహితుడి బదులు నేనే ఒక ఉపన్యాసం ఇచ్చాను. వచ్చినవాళ్లకు బూందీ, టీ. వాకిలి యాపక్కనుంటే నాకేంది, వంటింట్లోకి గాలొస్తే సాలు అని నా భార్య ఒక్క మాటతో ఆ ఉపన్యాసాన్ని ముగించింది.

ఆమె తండ్రి, అంటే మా మామ, పులివెందుల దగ్గర చీనీతోట (బత్తాయి తోట) రైతు. తక్కువ మాట్లాడేవాడు, అలాంటివాళ్లతో వాదించడం చాలా కష్టం. ఆ రోజు ఆయన బూందీ ముట్టలేదు. వీధిలోనే నిలబడి వాకిలిని కిందినుంచి పైదాకా చూశాడు.

“ఈ అప్పు నువ్వు తీర్చలేవు అల్లుడూ. నీ బిడ్డలు కట్టుకోవాల్సిందే.”

“ఇరవయ్యేళ్ల లోను మామా. పదేళ్లలో కట్టేస్తా, చూడు.”

“కట్టకపోతే?”

వీధి వీధంతా వింటోంది. మైకు లేకపోయినా నాకు మైకు ముందున్నట్టే అనిపించింది. “కట్టకపోతే ఈ వాకిలి నా చేత్తోనే మూసేసి తూర్పుకు పెడతా. పురోహితుని పిలిచి పూజ గూడా చేపిస్తా.”

మామ అప్పుడు బూందీ అడిగి పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడే బ్యాంకుకు పరిగెత్తాను. మొదటి ఏళ్లలో నెలనెలా కట్టే కంతులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందనీ, కంతుకు పైన కట్టింది అసలులోంచే తగ్గుతుందనీ, ఎంత ముందు కడితే అంత వడ్డీ మిగులుతుందనీ తెలిశాక నాకు ఆనందం పట్టలేదు. ఏ హోమమూ చేయలేని పని మామూలు తీసివేత లెక్క చేస్తోంది! ఆ నెలనుంచి మా ఇంట్లోకి వచ్చే రూపాయి చెప్పులు కూడా విప్పకుండా బ్యాంకుకు వెళ్లిపోయేది. స్కూటరు మూలన చేరింది, నేను బస్సెక్కాను. బస్టాండు నుంచి ఇంటికి నడక. చొక్కాల కాలర్లు అరిగితే తిప్పి కుట్టించాను, చెప్పులకు టైరు ముక్కలు వేయించాను. పొద్దున సంగటి, రాత్రి సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లు కనబడకుండా భార్యను బజారుకు తీసుకుపోయే దారి ఒకటి కనిపెట్టాను (మురుగుకాలువ గట్టున ఉండేది). పండగలను మూఢాచారాల కింద కొట్టేశాను. నీ హేతువాదం ఖర్చుండే కాడ మాత్రమే గట్టిగా పని చేస్తాదే అని ఆమె అంటే, విననట్టు పేపరు తిప్పాను. అది కూడా పక్కింటి పేపరే.

మామ మాత్రం తోట కాపుకొచ్చినప్పుడల్లా చీనీకాయల మూట పంపేవాడు. సగం మేం తిని, మిగతా సగం బస్టాండు దగ్గర జ్యూసు బండికి అమ్మి ఆ డబ్బు కూడా లోనుకు కట్టాను. అసలు తగ్గుతుంటే నాకు నిద్రలో కూడా నవ్వొచ్చేది. పులివెందులలో మాత్రం వేరే కబురు చేరింది: అల్లుడు పాపం కాయలమ్ముకొని బతుకుతాండాడంట అని.

నా లెక్కల్లో చేరని అంకె ఇదే. నేను ఏ మూఢనమ్మకాన్ని అబద్ధమని చూపించడానికి ఇంత కడుపు కట్టుకున్నానో, ఆ కట్టుకున్న కడుపునే వీధి సాక్ష్యంగా తీసుకుంది. ప్రభుత్వ ఉద్యోగం ఉండీ ఇట్ల అయిపాయనే అని పక్కింటి అక్క గోడ మీదుగా గిన్నెలో కూర అందించి, వాకిలి వైపు చూసి నిట్టూర్చేది. నేను అక్కడే నిలబడి, ఇది పేదరికం కాదక్కా, పొదుపు అని వడ్డీ లెక్క అంతా విప్పి చెప్పేవాణ్ణి. టైరు చెప్పులేసుకుని చెప్పే ఆ లెక్కను ఎవరు నమ్ముతారు? ఆమె తలూపి, మరుసటిరోజు కూర ఇంకొంచెం ఎక్కువ పంపేది. (తినేవాళ్లం. సిద్ధాంతం వేరు, గుత్తొంకాయ వేరు.)

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ప్లాట్ల బ్రోకరు తగిలించాడు. ఒక ఆదివారం దండం పెడుతూ వచ్చాడు. మా పక్క ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లు, ఇంటి ముందు బొంత కుట్టుకుంటున్న నన్ను చూసి వెనక్కి మళ్లుతున్నారట.

“సార్, నీకు దండం పెడతా. కస్టమరు వచ్చినప్పుడన్నా ఒక మంచి చొక్కా ఏసుకో సార్. కావాలంటే దుడ్లు నేనిస్తా.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త చొక్కా వేసుకుంటే దక్షిణపు వాకిలి పరువు ఈరోజే నిలుస్తుంది. ఆ చొక్కా డబ్బు లోనుకు కడితే పదేళ్ల గడువు లోపల నిలుస్తుంది. పొద్దున్నే లోనుకు కట్టాను. ప్లాటు అమ్ముడుపోలేదు.

ఎనిమిదో ఏడు తిరగకముందే లోను తీరింది. బ్యాంకులో దస్తావేజులు, బాకీ లేదన్న కాగితం చేతికొచ్చిన రోజు బస్సు కూడా ఎక్కకుండా ఇంటికి నడిచాను. ఈసారి ఆదా కోసం కాదు, అందరికీ కనబడాలని. మామకు కబురు చేస్తే మూటతో సహా దిగాడు. ఎనిమిదేళ్లుగా మనసులో సానబెట్టుకున్న ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కాగితాలు ఆయన ముందు పరిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. తరువాత కాగితాలు పక్కన పెట్టి, నా కాలరునూ చెప్పులనూ, గోడ పక్కన రంగు వెలిసిన చీరలో నిలబడిన కూతురినీ వరసగా చూశాడు.

“లోను తీరిందిలే అల్లుడూ, కాదన్ను. అయితే ఈ ఎనిమిదేండ్లు మీరు ఎట్ల బతికినారో చూస్తానే ఉండా గదా. దక్షిణపు వాకిలి చేసేది ఆ పనేనప్పా.”

  ఎన్నో సభల్లో ఎందరో పండితులకు జవాబు చెప్పిన నోరు నాది. మామకు జవాబు మాత్రం నా భార్య చెప్పింది, మూటలోంచి కాయలు తీస్తూ, తల కూడా ఎత్తకుండా.

“వాకిలికేం తెలుసు నాయనా? కొయ్యముక్క అది. ఇదంతా చేసింది ఈయప్ప.”

 మామ వాకిలి వైపు చూశాడు, నా వైపు చూశాడు. “అది గూడా నిజమేలేమ్మా” అన్నాడు. దక్షిణపు వాకిలి ఆ క్షణాన పూర్తిగా నిర్దోషిగా బయటపడింది. నేను ఎనిమిదేళ్లు పోరాడింది దానికే కాబట్టి, గెలుపు నాదేనని ఒప్పుకోవాలి. ఎవరూ అభినందించలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం బంగారం అంగళ్ల వీధి గుండానే బజారుకు వెళ్లి ఆమెకు చీరలు కొన్నాం. ఎన్ని అని నేను అడగలేదు, అడిగే ధైర్యం కూడా లేదు.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు లోను తొందరగా తీర్చే ఉపాయం అడిగితే చెబుతాను: కంతుకు పైన ఎంతో కొంత కట్టండి, లెక్క మోసం చేయదు. దాంతో ఆపేస్తాను, ఉపన్యాసం ఇవ్వను. ఒక్కోసారి సాయంత్రం బస్టాండు వైపు వెళ్తే, తిప్పి కుట్టిన కాలరుతో, ఎవరితోనో మనసులోనే వాదిస్తూ వేగంగా నడిచిపోయే ఆ ముప్పై ఏళ్లవాడు ఎదురైనట్టుంటుంది. పిలిచి కారం దోసె ఒకటి పెట్టించాలనిపిస్తుంది. వాడు తినడు. ఆ డబ్బు చేతికిమ్మంటాడు, లోనుకు కడతానని.