కుండలన్నిటా నీళ్లు

కొన్నేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా వల్ల ఒక మనిషికి తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

జనగామలో పత్తి మార్కెట్ దగ్గర ఒక ఖాళీ గోదాము అద్దెకు తీసుకుని కళాప్రదర్శన పెట్టాను. బొమ్మలేమీ లేవు. నేలంతా ఎర్రమట్టి, దాని కింద దగ్గర దగ్గరగా పాతిన కుండలు. నాలుగైదింటిలోనే నీళ్లు, మిగతావన్నీ ఖాళీ. చూడవచ్చినవాళ్లు మా వైపు బోరు పాయింటు చూసినట్టే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడవాలి. కాయ నిక్కి నిలబడిన చోట కింద నీళ్లున్నట్టు లెక్క; అక్కడ గడ్డపారతో పొడవాలి. అంతకుముందే తమ వస్తువొకటి పందెం కాయాలి. నీళ్లు పడితే వస్తువు వెనక్కి. పడకపోతే అది ఆ గుంతలోనే పూడిపోతుంది, అడిగినా ఇవ్వను. రైతు ఆడే జూదం ఎలా ఉంటుందో అందరికీ ఒంటికి తగలాలన్నది నా ఆలోచన. ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

కానీ నీళ్లు ఎవరికీ పడలేదు. వాచీలు, ఉంగరాలు పోగొట్టుకున్నవాళ్లు మొహాలు ముడుచుకుని పోయారు. ఇంతలో హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు కెమెరాలతో వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ల ముందు కూడా ఇలాగే అయితే నా పరువేం కాను? వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే గోదాము తలుపు వేసుకుని, కుండలన్నీ తవ్వి తీసి, అన్నిటిలో నీళ్లు నింపి మళ్లీ పాతాను. అదృష్టం గురించి గోడ మీద అంత పెద్ద మాటలు రాసిపెట్టిన నేను, ఆ అదృష్టాన్ని ఒక్క పూట కూడా నమ్మలేకపోయాను.

ఆ రోజు పెద్దవంగర దగ్గరి పల్లె నుంచి పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రాజవ్వ, జనం మూగడం చూసి లోపలికి వచ్చింది. వెండి కడియాలు తీసి పందెం పెట్టింది. కాయ పట్టింది, పొడిచింది. నీళ్లు పడ్డాయి. కెమెరావాళ్లు "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారీ పడ్డాయి. పడక ఎక్కడికి పోతాయి? అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ వీడియో చాలామంది చూశారు. దాని పుణ్యమా అని భూపాలపల్లిలో నాకు ఉద్యోగం కూడా వచ్చింది. వానలు మొదలయ్యే వేళ, ఆనాటి ఫోటో ఇద్దామని రాజవ్వ ఇంటికి వెళ్లాను. కొట్టంలో ఎడ్లు లేవు. అంతకుముందు నీళ్లు చూసే ఆయన చెప్పిన చోట వేసిన బోర్లు ఎండిపోయి, ఇక బోరు మాటే ఎత్తనని ఒట్టు పెట్టుకుందట. గోదాములో నీళ్లు పడ్డాక మనసు మారింది. తన మెట్ట చెల్కలో తానే కాయ పట్టి, ఎడ్లను అమ్మి బోరు వేయించింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

"ఆడ రెండుసార్లు పడ్డది, నా చెల్కల పడలే. నా చేతిలనే ఏదో దోషమున్నది బిడ్డా."

"అట్ల కాదవ్వా."

"మరెట్ల?" అని నా మొహంలోకి చూసింది.

చెప్పాల్సిన సమయం అదే. "భూమిల నీళ్లే లేకుంటే నువ్వేం జేస్తవవ్వా" అన్నాను. అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

అప్పుడే పక్కింటామె వచ్చింది. ఆ ఊళ్లో ఏటా మిరుగుకు, మృగశిర కార్తె రాగానే, చెయ్యి మంచిదని తొలి గింజ రాజవ్వ చేతే వేయిస్తారట. పిలవడానికి వచ్చింది.

"నా చెయ్యి వద్దు చెల్లె. ఇంకెవరినన్న పిలుసుకో," అంది రాజవ్వ. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. నేను ఛాయ్ తాగి, ఫోటో అక్కడ పెట్టి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఎడ్లు అడుగుతుందనా? అడిగే మనిషి కాదు. ఎడ్లు కొనివ్వగలిగినా లేకపోయినా, ఆ ఒక్క మాట చెబితే ఆమె చెయ్యి ఆమెకు తిరిగి దక్కేది. నేను మోసగాణ్నని ఆమెకు తెలియడం కంటే, తాను నష్టజాతకురాలినని ఆమె అనుకోవడమే నాకు సులువుగా తోచింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రావడం లేదు.

మీకు రాస్తే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, కానీ ఆ తేలిక నాకే. రాజవ్వ ఈ మిరుగుకు కూడా ఎవరి చేలోనూ గింజ వేయలేదట.